సీడు పత్తి, సెల్లు ధర

సెల్‌ఫోను మొదలుగాగల ఎలక్ట్రానిక్ సరుకులకు ఇన్నాళ్లూ ఒక సుగుణం ఉండేది. వచ్చిన నెలలో ప్రియం, ఆరు నెలలు గడిస్తే నయం, ఏడాది దాటితే మరింత నయం. పప్పుకు, నూనెకు, బంగారానికి లేని ఈ సుగుణాన్ని చూసుకొనే మనలో చాలామందిమి "తొందరేమున్నది, దసరాకు కొందాం, సంక్రాంతికి కొందాం" అని వాయిదా వేసుకుంటూ వచ్చాము. వాయిదా వేసినందుకు నష్టపోయినదీ లేదు. 2025 చివరి నుండి ఆ సుగుణం తప్పిపోయింది. గద్వాల బజారులో గాని, వనపర్తిలో గాని, నాగర్‌కర్నూలు బస్టాండు పక్క వీధిలో గాని, పోయిన పండుగకు అమ్మిన ఫోనునే, అదే పెట్టెలో, అదే రంగులో, అదే పేరుతో, నేడు వెయ్యో పదిహేనువందలో ఎక్కువ చెప్పి అమ్ముతుంటే, కొనవచ్చిన మనిషి ఫోను వంక ఒకసారి, దుకాణదారు ముఖం వంక ఒకసారి చూసి, "పాత మాలుకు కొత్త రేటేందన్నా?" అని అడగడం సహజమే. "కంపెనీయే పెంచిందన్నా" అని అతడు చెప్పే జవాబు కూడా చాలావరకు సత్యమే.

కంపెనీ ఎందుకు పెంచింది? మెమరీ ప్రియమైనందువల్ల. మెమరీ ఎందుకు ప్రియమైంది? ఈ సాయంకాలం మనం మాట్లాడుకోదలచినది ఆ సంగతి.

ముందుగా మెమరీ అంటే ఏమిటో రెండు మాటలు. ఫోనులో, ల్యాప్‌టాపులో, స్మార్టు టీవీలో, సెట్‌టాప్ బాక్సులో, దుకాణంలో సీసీ కెమెరాలకు తగిలించే రికార్డరులో, నల్లని చదరపు బిళ్లల వంటి మెమరీ చిప్పులుంటవి. వాటిలో రెండు జాతులు. ఒకటి ర్యామ్. యంత్రం నడుస్తున్నంతసేపు, అప్పటికప్పుడు చేస్తున్న పనికి కావలసిన సమాచారాన్ని ఇది పట్టి ఉంచుతుంది. యంత్రం ఆగితే అందులోనిదంతా పోతుంది. రెండవది స్టోరేజీ. ఫోటోలు, వీడియోలు, యాపులు ఇందులో ఉంటవి. ఫోను ఆపినా ఇవి చెక్కుచెదరవు. పెట్టెపై "4 జీబీ, 64 జీబీ" అని ఉన్నదనుకోండి. చిన్న అంకె ర్యామ్‌ది. పెద్ద అంకె స్టోరేజీది. ఈ రెండంకెలను గుర్తుంచుకోండి. ఇంకొంచెం సేపటికి వీటితో పని పడుతుంది.

ఇప్పుడు ఈ రెండు జాతులూ ప్రియమైనవి. పదహారు గిగాబిట్ల డీడీఆర్5 అనే ర్యామ్ చిప్పు ఒకటి 2025 సెప్టెంబరులో టోకు బజారున ఏడు డాలర్ల లోపు పలికింది. అదే చిప్పు డిసెంబరుకు పాతిక డాలర్లు దాటింది. మూడు నెలలలో మూడింతలకు మించి! దీనికి తోడు, ఈ సరుకంతా డాలర్లలో కొనవలసినది కాగా, ఆ డిసెంబరులోనే డాలరు విలువ తొంభై రూపాయలు దాటింది. రోకలిపోటు మీద రోకలిపోటు.

కారణం తెలుసుకొనడానికి కొరియా దాకా పోనక్కరలేదు. నడిగడ్డ దాకా పోతే చాలు.

కృష్ణా తుంగభద్రల నడుమ, గద్వాల ఆలంపురం ప్రాంతాలలో, సీడు పత్తి పండించే రైతులను ఎరుగనివారు మన శ్రోతలలో ఉండరు. దేశంలోని పత్తి రైతులు విత్తే హైబ్రిడ్ విత్తనాలలో గొప్ప భాగం ఈ నేలలోనే తయారవుతున్నది. అది మామూలు పత్తి సేద్యం వంటిది కాదు. సాయంత్రంపూట చేనులో దిగి, మరునాడు విచ్చుకోబోయే ఆడ మొక్క మొగ్గను వేళ్ల నడుమ పట్టి, అందులోని మగ కేసరాలను గోటితో ఒలిచివేసి, తెల్లవారిన తరువాత మగ మొక్క పూవును కోసుకువచ్చి, ఆ పుప్పొడిని దీనికి తాకించాలి. ఒక్కొక్క పూవుకూ ఇదే పని. దీనినే క్రాసింగు అంటారు. దినాల తరబడి కూలీలు పెట్టి ఈ పని చేయించాలి. ఇంత శ్రమ ఉన్నా రైతు దీనికే మొగ్గుతాడు. ఏలనన, విత్తుకు ముందే విత్తన కంపెనీ తరఫున ఆర్గనైజరు వచ్చి, అడ్వాన్సు చేతిలో పెట్టి, పండిన విత్తనమంతా కంపెనీ కొంటుందని మాట ఇచ్చిపోతాడు. మామూలు పంటకు ఆ భరోసా ఎక్కడిది? ఆ మాట ఎంతవరకు నిలుస్తుంది, రైతుకు చివరకు ఏమి మిగులుతుంది అనేది వేరే పెద్ద కథ. దాని జోలికి ఇప్పుడు పోవద్దు.

ఇప్పుడొక ఊరిని ఊహించండి. ఆ ఊళ్లో బోరు ఉన్న ప్రతి చెలకా ఒక ఏడాది సీడు పత్తి కిందికి పోయిందనుకుందాం. ఆ ఏడు ఆ ఊరి అంగట్లో మిరపకాయల ధర ఏమవుతుంది? వంకాయల ధర ఏమవుతుంది? పెరుగుతుంది. వానలు కురవలేదా? కురిసినవి. తెగులు వచ్చిందా? రాలేదు. పంట పోలేదు, భూమి మళ్లింది. ఎక్కువ డబ్బు వచ్చే పంట కిందికి భూమి మళ్లింది కాబట్టి, రోజూ కూరకు కావలసినది కొరత పడింది.

మెమరీ సంగతి అచ్చంగా ఇదే. పంట పోలేదు, భూమి మళ్లింది.

ఇక్కడ భూమి అంటే సిలికాన్ పలక. వేఫరు అంటారు. పన్నెండు అంగుళాల వ్యాసంగల గుండ్రని పలక అది. దానిపై వందలాది దశలలో, కొన్ని నెలలపాటు, దుమ్ముకణం కూడా చొరరాని గదులలో పనిచేస్తే ఒక పంట మెమరీ చిప్పులు తయారవుతవి. ప్రపంచమంతటికీ కావలసిన ర్యామ్‌లో నూటికి తొంభై పాళ్లు మూడే మూడు కంపెనీల పొలంలో పండుతున్నది. దక్షిణ కొరియావారి శాంసంగు, అదే దేశపు ఎస్‌కే హైనిక్స్, అమెరికావారి మైక్రాన్. ముగ్గురే ఆసాములు.

ఈ ముగ్గురి వద్దకు 2023 తరువాత ఒక కొత్త ఖాతాదారు వచ్చాడు. కృత్రిమ మేధ. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే, అడిగిన బొమ్మ గీసే ఈ యంత్రాలు చాలావరకు మన ఫోనులో ఉండవు; డేటా సెంటర్లని పిలువబడే మహాభవనాలలో ఉంటవి. వాటిలో ఎన్‌విడియా వంటి కంపెనీలవారి పెద్ద చిప్పు పక్కన, ర్యామ్ చిప్పులను ఒకదానిమీద ఒకటిగా ఎనిమిదో, పన్నెండో పేర్చి, నిలువునా సన్నని రంధ్రాలు తొలిచి కలిపిన ఒక ప్రత్యేక జాతి మెమరీని అమరుస్తారు. దాని పేరు హెచ్‌బీఎం. ఇది ఈ వ్యవహారంలో సీడు పత్తి. శ్రమ ఎక్కువ, ధర ఎక్కువ, ముందే ఒప్పందం.

దీని ఆకలి ఎంతటిదో చూడండి. 2022 లో ఎన్‌విడియావారు ప్రకటించిన హెచ్100 అనే చిప్పుకు 80 జీబీ మెమరీ ఉండేది. 2025 లో వచ్చిన బీ300 కు 288 జీబీ. మన చేతిలోని చవుక ఫోనుకు 4 జీబీ ర్యామ్ అనుకుంటే, ఆ ఒక్క చిప్పు తినే మెమరీతో 72 ఫోన్లు తయారుకావచ్చును. అక్కడితో ఆగలేదు. ఒక జీబీ హెచ్‌బీఎం తయారుచేయడానికి, మామూలు ర్యామ్ మూడు జీబీలకు పట్టేంత పలక పడుతుందని మైక్రాన్ వారే చెప్పి ఉన్నారు. అంటే 72 ఫోన్ల మెమరీ కాదు, అంతకు మూడింతల ఫోన్ల మెమరీ పండవలసిన భూమి ఆ ఒక్క చిప్పు కిందికి మళ్లుతున్నదన్న మాట. అటువంటి చిప్పులు వేలూ లక్షలూ కొంటున్నారు.

అడ్వాన్సు సంగతి కూడా ఉన్నది. 2025 అక్టోబరు 1 న ఓపెన్ఏఐ అనే అమెరికా సంస్థ శాంసంగుతోను, ఎస్‌కే హైనిక్స్‌తోను ఒక అవగాహన కుదుర్చుకున్నది. తన డేటా సెంటర్లకు నెలకు తొమ్మిది లక్షల పలకల వరకు కావలసి రావచ్చునని అందులో ప్రకటించింది. ఆ మాట యథాతథంగా నెరవేరుతుందా లేదా అనేది అటుంచండి. అంత పెద్ద కొనుగోలుదారు అంత పెద్ద సంఖ్య పలికిన తరువాత, మిగిలిన కంపెనీలన్నీ "మా వంతు మాకు దక్కదేమో" అని ముందుగానే సరుకు పట్టిపెట్టుకొనడానికి ఎగబడ్డవి. ఎగబడినందువల్ల ధర మరింత ఎగిసింది.

ఇంకొక సంఘటన. మైక్రాన్ వారికి క్రూషియల్ అనే పేరుతో, కంప్యూటర్ రిపేరు దుకాణాలలో విడిగా అమ్ముడుపోయే ర్యామ్ పుల్లల వ్యాపారం దాదాపు ముప్పై ఏళ్లుగా ఉండేది. ఆ వ్యాపారాన్నే మూసివేస్తున్నామని 2025 డిసెంబరు 3 న వారు ప్రకటించారు. నష్టం వచ్చి కాదు సుమండీ. ఆ సరుకును డేటా సెంటర్లకు అమ్మితే ఎక్కువ వస్తుందని. సీడు పత్తి పెట్టుకున్న ఆసామి, ఇంటి వెనుక కూరగాయల మడిని కూడా దున్నివేసినట్లయింది.

ఈ డేటా సెంటర్లు ఎక్కడో అమెరికాలోనే ఉన్నవనుకోకండి. విశాఖపట్నంలో పదిహేను వందల కోట్ల డాలర్లతో కృత్రిమ మేధా కేంద్రం నిర్మిస్తామని గూగుల్ సంస్థ 2025 అక్టోబరులో ప్రకటించింది. హైదరాబాదు చుట్టుపక్కల అమెజాన్ వారి కేంద్రాలు ఇప్పటికే ఉన్నవి. అవి వస్తున్నందుకు మనమంతా సంతోషించినవాళ్లమే; నేనూ సంతోషించాను. ఐతే ఆ భవనాలలోకి చేరే మెమరీయూ, వనపర్తి పాలిటెక్నిక్ విద్యార్థి ల్యాప్‌టాపులోకి చేరవలసిన మెమరీయూ ఒకే పొలంలో పండినవన్న సంగతి పత్రికల మొదటి పుటలో ఎవరూ వ్రాయలేదు.

మెమరీ కొరత ఇదివరకు రాలేదా అంటే వచ్చింది. 1993 జులైలో జపానులో నీహామా అనే చోట సుమిటోమో వారి రసాయన కర్మాగారంలో ప్రమాదం జరిగి, చిప్పులపై పోతపోసే జిగురు పదార్థం కొరతపడుతుందన్న భయంతో కొద్ది వారాలలోనే ప్రపంచమంతటా ర్యామ్ ధర భగ్గుమన్నది. 2011 లో థాయిలాండు వరదలలో కర్మాగారాలు మునిగి హార్డుడిస్కుల ధర పెరిగింది. అవి నిప్పూ నీరూ తెచ్చిన కొరతలు. నిప్పు ఆరింది, నీరు తీసింది, ధర దిగింది. ఇప్పటి కొరతకు ఆ ఉపశాంతి లేదు. పంట పోలేదు, భూమి మళ్లింది. మళ్లిన భూమి తిరిగి రావాలంటే, మళ్లించినవారికి ఇందులో లాభం కనబడాలి.

"ఇంత గిరాకీ ఉంటే కొత్త కర్మాగారాలు కట్టరాదా?" అని మీరడగవచ్చును. కడుతున్నారు. కానీ చిప్పుల కర్మాగారం లేచి, యంత్రాలు అమరి, పంట చేతికి రావడానికి సంవత్సరాలు పడుతుంది; వేలకోట్ల డాలర్లు పడుతుంది. పైగా ఆ ముగ్గురికి ఒక చేదు అనుభవం ఉన్నది. కరోనా రోజులలో అందరూ ల్యాప్‌టాపులు కొన్నారు గదా అని ఉత్పత్తి పెంచితే, 2022, 2023 లలో కొనేవారు లేక సరుకు గుట్టలు పడ్డది. 2023 లో ఒక్క ఎస్‌కే హైనిక్స్‌కే ఏడున్నర లక్షల కోట్ల వాన్లకు మించి నష్టం వచ్చింది. వాన్ అంటే కొరియావారి నాణెం. చేతులు కాల్చుకున్నవారు ఈసారి ఆకులు ముందే పట్టుకున్నారు. గిరాకీని ఆచితూచి నమ్ముతున్నారు. ఈ కొరత 2026 దాటి కూడా ఉంటుందని మైక్రాన్ వారు 2025 డిసెంబరులోనే చెప్పారు.

మన దేశంలో మెమరీ కర్మాగారం లేదా? మైక్రాన్ వారికి గుజరాత్‌లోని సానంద్‌లో ఒక కర్మాగారం ఉన్నది. దానిని గురించి 2023 జూన్‌లో ప్రకటన వచ్చింది. అక్కడ పలకలు పండవు. విదేశాలలో పండిన పలకలను తెచ్చి, కోసి, చిప్పులుగా మలచి, పరీక్షించి పంపుతారు. హైదరాబాదులోనూ అదే కంపెనీకి ఇంజినీర్ల పెద్ద కార్యాలయం ఉన్నది. మన పిల్లలే అనేకులు అక్కడ మెమరీ రూపకల్పనలో పనిచేస్తున్నారు. రెండూ గర్వించదగినవే. రెండింటివల్లా నాగర్‌కర్నూలులో ఫోను ధర తగ్గదు.

సరే, ఇక మన ఇంటి సంగతికి వద్దాం. వేటి ధర పెరుగుతుంది, వేటి ధర పెరగదు?

మెమరీ ఉన్న వస్తువు పెరుగుతుంది. మెమరీ ఎంత ఎక్కువ ఉంటే అంత పెరుగుతుంది. ల్యాప్‌టాపు, ఫోను, ట్యాబు ముందు వరుసలో ఉన్నవి. స్మార్టు టీవీలో మెమరీ తక్కువ. కావున దెబ్బా తక్కువే. పైగా 32 అంగుళాలకు మించిన టీవీలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుండి 28 శాతం నుండి 18 శాతానికి దిగింది గనుక, కొంతకాలం దెబ్బ తెలియకపోవచ్చును. ఫోనుకు, ల్యాప్‌టాపుకు ఆ ఊరట లేదు. వాటికి ముందూ 18 శాతమే, తరువాతా 18 శాతమే. ఇక ఫ్యాను, మిక్సీ, బోరు మోటారు, మామూలు ఫ్రిజ్ వీటిలో ఈ కొరతపడిన మెమరీ లేనే లేదు. ఎవరైనా ఫ్యాను అమ్ముతూ "చిప్పులు ప్రియమైనవి సార్" అంటే, చిరునవ్వు నవ్వి పక్క దుకాణానికి వెళ్లండి. అన్నట్లు, మీరు ఈ ప్రసంగాన్ని పాత ట్రాన్సిస్టరులో వింటున్నట్లయితే, దానిలో ఒక్క జీబీ కూడా లేదు. దానిని భద్రంగా ఉంచుకోండి.

ఇందులో ఒక అన్యాయం కనబడుతున్నది. చవుక ఫోనుకు దెబ్బ ఎక్కువ, ఖరీదైన ఫోనుకు తక్కువ. లెక్కకోసం కొన్ని అంకెలు అనుకుందాం. తొమ్మిదివేల ఫోనులో మెమరీ ఖర్చు పదిహేనువందలు. అరవైవేల ఫోనులో మెమరీ ఖర్చు అయిదువేలు. మెమరీ ధర రెట్టింపైతే మొదటి ఫోనుపై పదిహేనువందలు పడుతుంది. అది దాని ధరలో ఆరవ వంతు. రెండవ ఫోనుపై అయిదువేలు పడుతుంది. అది దాని ధరలో పన్నెండవ వంతు. అరవైవేల ఫోను అమ్మేవానికి లాభం దండిగా ఉంటుంది గనుక, కొంత తానే మింగగలడు. తొమ్మిదివేల ఫోను అమ్మేవానికి మింగడానికి మిగులే లేదు. అందువల్ల ఆ భారమంతా కొనేవాని నెత్తిన పడుతుంది. బొంబాయికో పూనాకో వలసపోయి, ఇంటికి వీడియో కాలు చేయడానికి ఫోను కొనే పాలమూరు కూలీకి, ప్రపంచ కృత్రిమ మేధా పరిశ్రమకు ఇటువంటి సంబంధం ఏర్పడుతుందని ఎవరనుకున్నారు?

ధర పెరగడం కంటికి కనబడుతుంది. కంటికి కనబడనిది మరొకటి ఉన్నది. ఇదే నేటి ప్రసంగంలో ముఖ్యాంశం. కాబట్టి నిదానంగా చెబుతాను. కొన్ని కంపెనీలు ధర పెంచవు. మెమరీ తగ్గిస్తవి. నిరుడు ఆ డబ్బుకు 6 జీబీ ర్యామ్ ఇచ్చినవారు, ఈ ఏడు కొత్త పేరుతో వచ్చిన ఫోనులో అదే డబ్బుకు 4 జీబీ ఇస్తారు. కెమెరా అదే. తెర అదే. రంగు మరింత బాగుంటుంది. ధర పెరగలేదని మనం సంతోషిస్తాము. ఏడాది తిరిగేసరికి ఆ ఫోను నత్తనడక నడుస్తుంది.

కావున ధరతోపాటు జీబీ చూడండి. మళ్లీ చెబుతున్నాను. ధర ఒక్కటే చూడకండి. ధరతోపాటు జీబీ చూడండి.

జీబీ చూడడంలో కూడా ఒక మెలిక ఉన్నది. పెట్టెను చేతిలోకి తీసుకోండి. ముందువైపు పెద్ద అక్షరాలతో "8 జీబీ ర్యామ్" అని ఉండవచ్చును. ఆ ఎనిమిదికి భుజాన ఒక చిన్న నక్షత్రపు గుర్తు ఉన్నదేమో చూడండి. ఉంటే, పెట్టెను తిరగవేసి, ఎమ్మార్పీ చీటీ ఉన్న వైపు, చీమ తలకాయంత అక్షరాలలో ఉన్నది చదవండి. "4 జీబీ, దానికి మరో 4 జీబీ వర్చువల్" అనో, "ఎక్స్‌టెండెడ్" అనో ఉంటుంది. అంటే నిజమైన ర్యామ్ నాలుగే. మిగిలిన నాలుగూ మీ స్టోరేజీలోనుండి తీసుకొని ర్యామ్‌గా వాడుకుంటున్నారు. స్టోరేజీ వేగం ర్యామ్ వేగం ముందు నిలవదు. పైగా మీ ఫోటోలకు ఉండవలసిన చోటు అంతమేరకు తగ్గుతుంది. ఇది అబద్ధమనలేము, చీటీలో వ్రాశారు గదా. నిజమనడానికీ నాకు నోరు రాదు. దుకాణంలో ఫోను తెరిచి చూపించినప్పుడు, సెట్టింగ్సులో "అబౌట్ ఫోన్" అనే చోట నొక్కితే నిజమైన ర్యామ్ ఎంతో, కలిపినది ఎంతో చాలా ఫోన్లలో విడివిడిగా కనబడుతుంది. అక్కడ చూసి డబ్బు కట్టండి.

ఉన్న ఫోనును మరికొంతకాలం నడుపుకొనే ఉపాయం కూడా చెప్పుకుందాం. రాజోలిలోనో, ఐజలోనో, గద్వాలలోనో మగ్గం ఉన్న ఇంటిని తీసుకోండి. నూలు ఒడలు, పట్టు అంచు, పట్టు కొంగు గల చీర మగ్గం దిగకముందే నేడు వాట్సాపులో ఊళ్లు తిరుగుతున్నది. అంచుకొక ఫోటో, కొంగుకొక ఫోటో, వెలుతురులో జరీ మెరుపు చూపడానికి ఒక వీడియో. కొనేవారు "ఇంకోసారి దగ్గరగా పంపండమ్మా" అంటే మరో నాలుగు. ఏడాది తిరిగేసరికి ఆ ఇంటి ఫోను నిండిపోయి, నొక్కితే ఒక పట్టాన తెరుచుకోదు. "ఫోను హ్యాంగవుతున్నది, కొత్తది కొనాలి" అంటారు. తొందరపడకండి. స్టోరేజీ అంచుదాకా నిండిన ఫోను నెమ్మదిస్తుంది. వాట్సాపులో వచ్చిన ప్రతి బొమ్మా, ప్రతి వీడియో దానంతటది ఫోనులోకి దిగకుండా సెట్టింగు మార్చండి. పొద్దున్నే శుభోదయాలతో వచ్చే పూలగుత్తులను, దేవుళ్ల బొమ్మలను తీసివేయండి. దేవుడు ఏమీ అనుకోడు. అమ్ముడైపోయిన చీరల వీడియోలను తీసివేయండి. నాలుగోవంతు చోటు ఖాళీ అయితే, చాలా ఫోన్లు మళ్లీ మనిషి మాట వింటవి.

ఇక ల్యాప్‌టాపు. "ఇప్పుడు 8 జీబీది కొందాం, అవసరమైనప్పుడు మరో 8 జీబీ వేయించుకుందాం" అనేది మొన్నటిదాకా మంచి ఆలోచనే. పాత డీడీఆర్4 రకం 8 జీబీ ర్యామ్ పుల్ల రెండువేల లోపు దొరికేది. ఇప్పుడు ఆ ధర మరచిపోండి. విచిత్రమేమంటే, పాతరకమైనా చవుక కాలేదు. పెద్ద కంపెనీలు డీడీఆర్4 తయారీ తగ్గించుకుంటూ పోతున్నందున అదీ ఎగిసింది. కాబట్టి కొనేటప్పుడు రెండు సంగతులు అడగండి. ర్యామ్ బోర్డుకే అతికించి ఉన్నదా? ఖాళీ స్లాటు ఉన్నదా? అతికించి, స్లాటు లేకపోతే, ఆ ల్యాప్‌టాపు బ్రతికినన్నాళ్లూ కొన్ననాటి ర్యామే గతి. ఇంట్లో చెడిపోయిన పాత ల్యాప్‌టాపు ఉంటే పాతసామాను వానికి వేయకండి. దానిలోని ర్యామ్ పుల్ల మంచిదే కావచ్చును. అదే తరం రకమైతే మరో ల్యాప్‌టాపులో పనిచేస్తుంది. డీడీఆర్4 పుల్ల డీడీఆర్5 స్లాటులో పట్టదు, గాడి వేరుగా ఉంటుంది. ప్రాజెక్టులకు రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటరు కొనే పాలిటెక్నిక్, ఇంజినీరింగు విద్యార్థులకు కూడా ఒక మాట. దాని తయారీదారులు 2025 డిసెంబరులో 16 జీబీ రకం ధరను 120 డాలర్ల నుండి 145 కు పెంచి, అదే రోజున 1 జీబీ రకాన్ని 45 డాలర్లకు తెచ్చారు. మీ ప్రాజెక్టుకు ఎంత మెమరీ కావాలో ముందు లెక్క వేసుకోండి. లైటు వెలిగించి ఆర్పే ప్రాజెక్టుకు పదహారు జీబీలు ఎందుకు?

సంతలో, బస్టాండులో, ఆన్‌లైనులో "512 జీబీ మెమరీ కార్డు రెండువందలకే" అని ఎవరైనా అంటే దాని దరిదాపులకు పోవద్దు. కొరత కాలంలో ఇటువంటి సరుకుకు గిరాకీ పెరగడం లోకసహజం. లోపల ఉండేది ఏ 16 జీబీయో, 32 జీబీయో. ఫోనుకు మాత్రం 512 అని అబద్ధం చెప్పేటట్లు దానిని మార్చి ఉంటారు. మొదటి కొన్ని రోజులు బాగానే ఉంటుంది. అసలు చోటు నిండిన తరువాత మీరు తీసిన ఫోటో పాత ఫోటో మీద పడుతుంది. పెళ్లి వీడియోలు అట్లా పోయిన ఇళ్లున్నవి. బిల్లు ఇచ్చే దుకాణంలో కొనండి.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. కొనాలా, ఆగాలా?

అవసరముంటే ఆగవద్దు. కాలేజీ తెరిచేసరికి పిల్లకు ల్యాప్‌టాపు కావాలంటే, రెండు నెలలు ఆగినందువల్ల చవుక అవుతుందన్న ఆశ ఈ ఏడాది పెట్టుకోవద్దు. అవసరం లేకపోతే, "ధర ఇంకా పెరుగుతుందట" అన్న మాటకు బెదిరి, వాయిదాల మీద, వడ్డీ మీద కొనవద్దు. భయంతో చేసే అప్పుకు కట్టే వడ్డీ, రేపు పెరగబోయే ధరను మించిపోయిన సందర్భాలు తక్కువేమీ కావు.

ధర ఎప్పటికీ దిగదా అంటే దిగుతుంది. 2017, 2018 లలో ఎగిసిన ర్యామ్ ధర 2019 లో దిగింది. కరోనా రోజులలో ఎగిసినది 2022, 2023 లలో నేలకు వచ్చింది. మెమరీ వ్యాపారపు చరిత్ర అంతా ఈ ఎగుడుదిగుళ్లే. కృత్రిమ మేధకు పెట్టే పెట్టుబడి తగ్గినా, కొత్త కర్మాగారాల పంట చేతికి వచ్చినా ఈసారీ దిగుతుంది. ఐతే టోకు ధర దిగిన మరునాడే గద్వాలలో దిగదు. ఫోను కంపెనీలు మెమరీని సాధారణంగా మూడేసి నెలల ఒప్పందాలపై కొంటవి. ప్రియంగా కొన్న సరుకు అయిపోవాలి. చవుకగా కొన్న చిప్పు ఫోనులో అమరాలి. ఆ ఫోను లారీ ఎక్కి వచ్చి దుకాణపు గాజు బీరువాలోకి చేరాలి. కావున "మెమరీ ధర పడిపోయింది" అని వార్తలలో విన్న రోజున పరుగెత్తకండి. విన్న తరువాత మూడు నాలుగు నెలలకు వెళ్లండి. వెళ్లినప్పుడు, ధరతోపాటు జీబీ చూడండి.